తలుపుపై మోయబడిన వైద్యుడు: పెర్సివల్ పాట్ జీవితము

(చదువవలసిన భాగము: లూకా సువార్త 10వ అధ్యాయము, 30 నుండి 35 వచనములు)



చీలమండ చిన్న కీలు. మణికట్టు అంతకంటె చిన్నది. అయినను వీటిలో ఒకటి విరిగినయెడల ఒక కుటుంబము పస్తులుండుటకు అది చాలును. నాట్లు వేయు తల్లికి చేయి కావలెను. అరక దున్ను రైతుకు కాలు కావలెను. కూలికి పోవువారికి రెండును కావలెను. తడిసిన గట్టుమీద జారియో, బండి మీదనుండి పడియో, ఎద్దు త్రోయగా నేలకొరిగియో ఈ రెండు చోట్ల ఎముకలు విరుగగొట్టుకొనుట మన పల్లెలలో అరుదు కాదు. నేడు పట్టణపు ఆసుపత్రులలో వైద్యులు విరిగిన ముక్కలను చేర్చి, లోహపు ప్లేటును స్క్రూలతో బిగించి, కుట్లు వేసి యింటికి పంపుచున్నారు. ఆపరేషను ఒకటి రెండు గంటలలో ముగియును. దాని వెనుక వచ్చు వారములే దీర్ఘమైనవి. ఆ వారములలో కొందరు త్వరపడి నడచి, కూర్చిన ఎముకను మరల చెడగొట్టుకొనుచున్నారు. మరికొందరు భయపడి నెలల తరబడి కదలక, కీళ్లు బిగిసిపోవువరకు మంచము విడువకున్నారు.

ఈ నెల మేము మీకు చెప్పబోవునది ఇంగ్లాండు దేశపు శస్త్రవైద్యుడైన పెర్సివల్ పాట్ జీవిత కథ. ఆయన చనిపోయి రెండు వందల సంవత్సరములు దాటినవి. అయినను చీలమండవద్ద ఎముక విరుగు విధములలో ఒకదానిని వైద్యులు నేటికిని ఆయన పేరుతోనే పిలుచుచున్నారు. ఇతరుల ఎముకలను సరిచేసిన ఈ వైద్యుడు తానును కాలు విరిగి వీధిలో పడినవాడే. రోగి మంచము ఎటువంటిదో ఆయన పుస్తకములలో మాత్రమే చదివి తెలిసికొనలేదు.

బాల్యము

పాట్ 1714వ సంవత్సరము జనవరి 6వ తేదీన లండను నగరములో త్రెడ్‌నీడిల్ అను వీధిలో పుట్టెను. తండ్రి దస్తావేజులు వ్రాయు వృత్తిలో ఉండెను. బాలునికి మూడేండ్ల ప్రాయమున, 1717లో, తండ్రి మరణించెను. వెనుక మిగిలిన ఆస్తి స్వల్పము. విధవరాలైన తల్లిని, తండ్రిలేని బిడ్డను తల్లి తరపు బంధువొకడు ఆదుకొనెను. ఆయన జోసెఫ్ విల్‌కాక్స్ అను దైవసేవకుడు. తరువాతి కాలమున ఆయన రోచెస్టర్ పట్టణమునకు బిషప్పాయెను. ఆయన ఆదరణవలన బాలుడు కెంటు ప్రాంతములోని డారెంత్ అను గ్రామమున చదువుకొనెను.

ఆ బంధువు అండ ఉండుటచేత కుర్రవానిని సంఘసేవకు పెట్టవలెనని పెద్దలు తలంచిరి. ఆ కాలమున బిషప్పు ఆదరణగల యువకునికి గురుత్వములో మంచి స్థానము దొరకుట కష్టము కాదు. అయితే ఆ కుర్రవాని మనస్సు శస్త్రవైద్యముమీదనే నిలిచియుండెను. పెద్దలు చూపిన సుఖమైన దారిని విడిచి, కష్టమైన దారిని అతడు కోరుకొనెను. ప్రసంగపీఠము ఒక్కటే దేవుని పని అని ఎంచువారు దీనిని నష్టమనుకొందురేమో. మేమట్లు తలంచము. తిమోతికి పిలుపు ఒకటి, వైద్యుడైన లూకాకు పిలుపు మరియొకటి. ఇద్దరును ఒకే యజమానుని పనివారు.

వృత్తి నేర్చుకొనుట

1729లో, పదునైదేండ్ల వయస్సున, పాట్ ఎడ్వర్డ్ నోర్స్ అను శస్త్రవైద్యునియొద్ద శిష్యుడుగా చేరెను. నోర్స్ లండనులోని సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రిలో వైద్యుడు. ఆ ఆసుపత్రి 1123లో బీదల కొరకు స్థాపింపబడినది. పాట్ ఏడు సంవత్సరములు గురువునొద్ద ఉండెను. గురువు శరీర నిర్మాణమునుగూర్చి పాఠములు చెప్పునప్పుడు శవములను కోసి, కండరములను ఎముకలను విడదీసి సిద్ధపరచుట ఈ శిష్యుని పని. ఏ కండరము ఏ ఎముకను ఎటు లాగునో ఆయన చేతులు అప్పుడే నేర్చుకొన్నవి. ముప్పది సంవత్సరముల తరువాత ఆయన వ్రాసిన గొప్ప పుస్తకమునకు విత్తనము అక్కడనే పడినది.

1736లో ఆయన వృత్తి పరీక్షలో నెగ్గెను. అప్పటికి శస్త్రవైద్యులును మంగలులును ఒకే సంఘములో సభ్యులు. 1745లో గాని వారు వేరుపడలేదు. పాట్ తన తల్లిని తనయొద్దనే ఉంచుకొని పోషించెను. 1746లో ఆమె మరణించిన తరువాత గాని వివాహము చేసికొనలేదు. 1749లో ఆయన సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రికి పూర్తి శస్త్రవైద్యుడాయెను.

ఆ దినముల చికిత్స ఎటువంటిదో మనము తెలిసికొనవలెను. మత్తుమందు లేదు. అది 1846లో గాని వాడుకలోనికి రాలేదు. పుండు ఎందుచేత కుళ్లునో ఎవరికిని తెలియదు. ఎర్రగా కాల్చిన ఇనుముతో గాయములను కాల్చుట, మండు మందులతో మాంసమును తినివేయునట్లు చేయుట ఆసుపత్రులలో నిత్యకృత్యము. రోగిని నలుగురు పట్టుకొనియుండగా వైద్యుడు తన పని చేసెడివాడు. పాట్ ఈ కఠిన పద్ధతులు అనేక సందర్భములలో అనవసరమని ఎంచెను. మెత్తని కట్టుతో మానునట్టి గాయమును కాల్చి బాధపెట్టుటకు ఆయన ఒప్పుకొనలేదు. ఆయన చేతిలో శస్త్రవైద్యము కొంత సాత్వికమైనది.

వీధిలో పడుట

1756 జనవరి నెల వచ్చెను. ఆయన వయస్సు 42 సంవత్సరములు. లండను నగరములో నదికి దక్షిణమున కెంటు వీధి అను త్రోవలో గుఱ్ఱముమీద వెళ్లుచుండగా గుఱ్ఱము ఆయనను క్రింద పడవేసెను. మోకాలి క్రింద కాలి ఎముక విరిగి, చర్మమును చీల్చుకొని బయటికి వచ్చెను.

చుట్టు జనము చేరి ఆయనను లేవనెత్తబోగా ఆయన అడ్డగించెను. చలికాలము. క్రింద చల్లని నేల. ఒంటిలో భరింపరాని నొప్పి. అయినను ఆయన తొందరపడలేదు. విరిగిన కాలితో తన్ను ఎత్తి బండిలో వేసినయెడల, ఆ కుదుపుకు పదునైన ఎముక కొస రక్తనాళములను మరింత చీల్చునని ఆయనకు తెలియును. అందుచేత దూరముననున్న వెస్ట్‌మినిస్టరుకు మనిషిని పంపి, పల్లకీ మోయు బోయీలను ఇద్దరిని వారి కర్రలతోకూడ రప్పించెను. వారు వచ్చులోపల, నేలమీద పండుకొనియే, ఒక తలుపును వెలయిచ్చి కొనెను. బోయీలు రాగానే ఆ తలుపును కర్రలకు మేకులతో బిగింపజేసి, దానిమీద తన్ను పడుకొనబెట్టించుకొనెను. అట్లు వారు ఆయనను లండను వంతెన దాటించి, వాట్లింగ్ వీధిలోని ఆయన యింటికి మెల్లగా మోసికొనిపోయిరి.

పక్షవాయువుగల మనుష్యుని నలుగురు మోసికొనివచ్చి యింటికప్పు విప్పి దింపిన సంగతి మీకు తెలిసినదే. మోయువారు లేనిదే కొందరు స్వస్థతయొద్దకు చేరలేరు. ఎట్లు మోసిరో అదియు ముఖ్యమే. మన గ్రామములలో నేటికిని, కాలు విరిగినవానిని ఇద్దరు చంకలలో చేతులు వేసి నడిపించుటకు చూతురు, లేక మోటారు సైకిలుమీద నడుమ కూర్చుండబెట్టుదురు. ప్రేమతోనే అట్లు చేయుదురు. అయినను కాలికి ఇరుప్రక్కల కర్రగాని, మడిచిన దుప్పటిగాని పెట్టి కదలకుండ కట్టి, బల్లమీదనో మంచముమీదనో పడుకొనబెట్టి తీసికొనిపోవుటయే మేలు. 108 నంబరుకు ఫోను చేసినయెడల అంబులెన్సు వచ్చును.

రంపము ఆగిన గడియ

ఇంటికి చేరిన పాట్‌ను వైద్యులు చూచిరి. చర్మము చీలి ఎముక బయటికి వచ్చినదనగా ఆ కాలమున మరణ సూచన. గాయము కుళ్లి రోగి చనిపోవుటకంటె కాలు తీసివేయుట మేలని అందరును ఎంచిరి. పాట్ కూడ ఒప్పుకొనెను. రంపము, కత్తులు సిద్ధమైనవి.

అంతలో ఆయన పూర్వపు గురువైన ఎడ్వర్డ్ నోర్స్ వచ్చెను. ఆయన కాలిని నిదానముగా పరీక్షించి, దీనిని నిలుపుటకు ప్రయత్నింపవచ్చునని తలంచెను. తక్కినవారు ఆగిరి. ఎముకను స్వస్థానమునకు చేర్చి కట్టు కట్టిరి. కాలు నిలిచినది. ఆ గురువు కొన్ని నిమిషములు ఆలస్యముగా వచ్చియుండినయెడల పాట్ శేషజీవితము కొయ్యకాలితో గడిపియుండును.

కాలు ఆ దినమే బాగుపడలేదు. చాలకాలము ఆయన మంచముమీద ఉండవలసి వచ్చెను. పేరుపొందిన వైద్యుడు, బిడ్డల తండ్రి, చేతినిండ పనిగలవాడు, లేచి గదిలో నడువలేని స్థితిలో పడియుండెను. ఆ దినములను ఆయన సణుగుకొనుచు గడుపలేదు. కాగితము కలము తెప్పించుకొని, గిలక జబ్బునుగూర్చి, అనగా ప్రేగు జారు వ్యాధినిగూర్చి, ఒక గ్రంథము వ్రాయసాగెను. అది ఆ సంవత్సరమే అచ్చుపడినది. అంతకుముందు ఆయన వ్రాసి ప్రకటించినది మిక్కిలి కొద్ది. ఆ మంచముమీదనుండి మొదలుపెట్టి సుమారు ఇరువది సంవత్సరములకు పైగా ఆయన పుస్తకములు ఒకదాని వెనుక ఒకటి వెలువడెను. కాలు విరుగుట మేలని మేము చెప్పుట లేదు. మంచము పట్టిన దినములు వ్యర్థమైన దినములే అగునని మాత్రము ఎవరును నిశ్చయించుకొనకూడదు.

చీలమండనుగూర్చి ఆయన బోధ

1768లో పాట్ ఎముకలు విరుగుటను, కీళ్లు తొలగుటను గూర్చి ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. అప్పటివరకు వాడుకలోనుండిన పద్ధతి బలాత్కారముతో కూడినది. విరిగిన కాలిని తిన్నగా చాచి, ఇద్దరు ముగ్గురు బలవంతులు ఇటును అటును లాగుదురు. ఎంత లాగినను ఎముక కూడనియెడల ఇంకను లాగుదురు. పాట్ ఈ పద్ధతిని ప్రశ్నించెను. ఎముకకు తనంతట తాను ఎదిరించు శక్తి లేదు. ఎదిరించునది దాని చుట్టునున్న కండరము. కాలు చాచియున్నంతవరకు పిక్క కండరము బిగిసియుండును. మోకాలును సగము వంచినయెడల ఆ బిగువు వదలును. అప్పుడు మెత్తని చేతితోనే ఎముక తన చోటికి వచ్చును. బలము చాలించి కండరమునకు నెమ్మది కలుగజేయుటయే ఆయన బోధలోని సారము.

చీలమండవద్ద విరుగుటను ఆయన ప్రత్యేకముగా వర్ణించెను. కాలి బయటి ప్రక్కనున్న సన్నని ఎముక చీలమండకు రెండు మూడు అంగుళముల పైన విరుగును. లోపలి ప్రక్క కీలును పట్టియుంచు నరమువంటి బంధము తెగును. అప్పుడు పాదము బయటికి తొలగిపోవును. చూచుటకు చిన్న ఎముకయే విరిగినదని ఉపేక్షించినయెడల మనిషి కుంటివాడగును. ఆయన కాలమున ఎక్స్-రే లేదు. శవములను కోసిన చేతులకు తెలిసిన జ్ఞానమే ఆయనకు వెలుగు. కట్టు బద్దలు విరిగినచోటికి మాత్రము సరిపడునంత పొట్టిగా ఉండరాదనియు, పైకీలును క్రిందికీలును కూడ పట్టియుంచవలెననియు ఆయన నేర్పెను. ప్రతిసారి కాలు ఎత్తనక్కరలేకుండ విప్పి కట్టుటకు వీలైన, పదునెనిమిది కొసలుగల గుడ్డకట్టును ఆయన మెచ్చుకొనెను.

ఒక మాట ఇక్కడ చెప్పవలెను. పాట్ వీధిలో పడినప్పుడు ఆయనకు విరిగినది ఆయన పేరుగల ఈ చీలమండ విరుపే అని అనేకులు అనుకొందురు. అది సరి కాదు. ఆయనకు విరిగినది అంతకంటె పైన, ఎముక బయటికి పొడుచుకొని వచ్చినట్టిది. రోగిని పండబెట్టుటలో ఆయన చూపిన పద్ధతులు కొన్ని తరువాతి వైద్యులు మార్చుకొనిరి. కండరమునకు విశ్రాంతి కలుగనిదే ఎముకకు విశ్రాంతి లేదను ఆయన సూత్రము మాత్రము నిలిచినది.

ముదిమి, మరణము

ఆయన చూపు ఎముకలయొద్దనే ఆగలేదు. లండను ఇండ్ల పొగగొట్టములలోనికి చిన్న బాలురను ఎక్కించి మసి తుడిపించుట ఆ నాటి ఆచారము. ఆ బాలురు పెద్దవారైన తరువాత వారిలో ఒకవిధమైన క్యాన్సరు పుండు కనబడుచుండెను. అది చర్మముమీద చేరిన మసివలన కలుగుచున్నదని 1775లో పాట్ వ్రాసెను. చేయు పనివలన క్యాన్సరు రాగలదని స్పష్టముగా చూపిన మొదటివారిలో ఆయన ఒకడు. ఆ బాలుర కష్టములనుగూర్చి ఆయన దయతో వ్రాసెను. 1788లో ఎనిమిదేండ్లలోపు పిల్లలను ఆ పనికి పెట్టరాదని ఇంగ్లాండులో చట్టమాయెను. 1779లో వెన్నెముక వంగి కాళ్లు పడిపోవు జబ్బునుగూర్చి వ్రాసెను. ఆ జబ్బును కూడ వైద్యులు ఆయన పేరుతోనే పిలుచుచున్నారు.

1787లో ఆయన ఆసుపత్రి పని విరమించెను. 1788 డిసెంబరు నెలలో, కఠినమైన చలిలో, లండనుకు దూరముననున్న ఒక రోగిని చూచుటకు ప్రయాణమై పోయెను. అప్పటికి ఆయనకు 74 సంవత్సరములు. ఆ ప్రయాణములో పట్టిన జలుబు ముదిరి, ఆ నెల 22వ తేదీన ఆయన కన్నుమూసెను. లండనులోని సెయింట్ మేరీ ఆల్డర్‌మేరీ దేవాలయములో ఆయన సమాధి చేయబడెను. ఆయన కుమారులలో ఒకడైన జోసెఫ్ హోల్డెన్ పాట్ సంఘసేవలో ప్రవేశించి లండను ఆర్చిడీకను ఆయెను. తండ్రి విడిచిన దారిలో కుమారుడు నడిచెను.

ఆయన తరువాత

పాట్ చీలమండకు చేసిన మేలు మణికట్టుకు అబ్రహాం కాలిస్ చేసెను. ఆయన ఐర్లండు దేశములో డబ్లిను నగరపు వైద్యుడు. చేయి చాచి పడినప్పుడు మణికట్టునొద్ద ఎముక విరిగి చేయి వంకర తిరుగుటను ఆయన 1814లో వర్ణించెను. అంతవరకు అది బెణుకనియో, కీలు తొలగినదనియో అనేకులు పొరబడుచుండిరి. 1865లో జోసెఫ్ లిస్టరు గ్లాస్గో నగరమున, బండిచక్రము క్రింద కాలు విరిగిన పదునొకండేండ్ల బాలుని గాయమును కార్బాలిక్ ఆమ్లముతో శుభ్రపరచి కుళ్లకుండ కాపాడెను. పాట్ కాలు తీయుటకు రంపము సిద్ధపరచునట్లు చేసిన భయమునకు అప్పుడు మందు దొరికినది. 1895లో ఎక్స్-రే కనుగొనబడెను. తరువాత ప్లేట్లు స్క్రూలు వచ్చినవి. 1958లో స్విట్జర్లాండు వైద్యులు కొందరు సంఘముగా కూడి, విరిగిన ముక్కలను గట్టిగా బిగించి కీళ్లను త్వరలోనే కదపనిచ్చు పద్ధతిని వ్యాపింపజేసిరి. నెలల తరబడి కట్టులో ఉంచినయెడల ఎముక అతుకును గాని కీలు బిగియునని, కండరము చిక్కునని వారు చూచిరి.

కాబట్టి ప్లేటు చేయు పని ఏమి? అది ఎముకను అతికించదు. దేహము తానే ఎముకను అతికించుకొనువరకు ముక్కలు కదలకుండ పట్టియుంచును. అంతే. ఎముక అతుకుటకు సాధారణముగా ఆరు నుండి పండ్రెండు వారములు పట్టును. అతికిన ప్లేటును తప్పక తీయింపవలెనని లేదు. బాధ పెట్టనియెడల అనేకులకు అది జీవితకాలమంతయు లోపలనే ఉండును.

ఇంటికి వచ్చిన తరువాత

చీలమండకు ఆపరేషనైనవారు మొదటి దినములలో కాలిని దిండ్లమీద గుండెకంటె ఎత్తుగా ఉంచవలెను. కుర్చీలో కాలు వ్రేలాడవేసి కూర్చుండుటవలన వాపు పెరుగును, వాపు పెరిగిన గాయము మానుటకు ఆలస్యమగును. కాలివ్రేళ్లను మాత్రము దినములో అనేక పర్యాయములు కదపవలెను. విరిగిన కాలిమీద బరువు వేయుటకు వైద్యుడు చెప్పిన దినమే దినము. కొందరికి త్వరలోనే అనుమతి దొరకును, కొందరికి ఆరు వారములు ఆగవలసి వచ్చును, చక్కెర వ్యాధిగలవారికి ఇంకను ఎక్కువ పట్టవచ్చును. నొప్పి తగ్గినది గనుక ఎముక అతికినదని అనుకొనరాదు. చంకకర్రలతో నడచునప్పుడు బరువు అరచేతులమీద పడవలెను గాని చంకలమీద పడరాదు. కట్టు విప్పిన తరువాత పాదమును పైకి క్రిందికి ఆడించు వ్యాయామములను ఫిజియోథెరపీ చేయువారు చూపించినట్లు ప్రతిదినము చేయవలెను. కొన్ని నెలలవరకు సాయంకాలమున చీలమండ వాచుట సాధారణమే.

మణికట్టుకు ఆపరేషనైనవారికి ముఖ్యమైనది వ్రేళ్లు. వైద్యుడు వలదని చెప్పిననే తప్ప, మొదటి దినమునుండియే పిడికిలి మూయుట, వ్రేళ్లు పూర్తిగా చాచుట, బొటనవ్రేలిని ప్రతి వ్రేలి కొనకు తగిలించుట చేయవలెను. మోచేయిని భుజమును కూడ కదపవలెను. చేతిని ఎల్లవేళల మెడకు కట్టుకొని ఉంచినయెడల మణికట్టు బాగుపడినను భుజము బిగిసిపోవును. గాజులు ఉంగరములు వాపు పెరుగకమునుపే తీసివేయవలెను. బిందె మోయుట, పిండి పిసుకుట, బట్టలు పిండుట వైద్యుని అనుమతి లేనిదే చేయరాదు.

బీడి, చుట్ట, సిగరెట్టు త్రాగువారికి ఎముక ఆలస్యముగా అతుకును. ఆ వారములలోనైనను వాటిని మానవలెను. ఎముక కట్టుబడుటకు మాంసకృత్తులు కావలెను: పప్పు, గ్రుడ్లు, పాలు, చేపలు. రాగులలో సున్నము పుష్కలముగా ఉన్నది. పథ్యమని చెప్పి రోగికి చారన్నము మాత్రమే పెట్టుట బలహీనతకు దారి. నిలుచున్న ఎత్తునుండి పడినంతనే మణికట్టు విరిగిన పెద్ద వయస్సు స్త్రీలు తమ ఎముకలు పలుచబడినవేమో వైద్యునిచే చూపించుకొనవలెను. రేపు తుంటి ఎముక విరుగకుండ కాపాడుకొనుటకు అది ఒక హెచ్చరిక.

మన తెలుగు నాట పుత్తూరు కట్టు పేరెన్నికగన్నది. ఆకుల మందు, గ్రుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కట్టు ఆ కట్టుమీద అనేకులకు నమ్మకము. ఆ నమ్మకమునుగూర్చి ఇక్కడ వాదింపబోము. అయితే లోపల ప్లేటు వేసి కుట్లు వేసిన తరువాత ఆ కట్టు విప్పి వేరొక కట్టు బిగించుట, తైలము రాసి బలముగా మర్దించుట అపాయము. కట్టు లోపల దురద పుట్టినను పుల్ల దూర్చరాదు. కట్టును నీటిలో తడుపరాదు.

కొన్ని గురుతులు కనబడినయెడల తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి పోవలెను. మందు వేసినను నొప్పి గంటగంటకు పెరుగుట, వ్రేళ్లు తెల్లబడుట లేక నీలమగుట, తిమ్మిరి, గాయమునుండి చీము లేక దుర్వాసన, జ్వరము, పిక్క వాచి నొప్పియుండుట, హఠాత్తుగా ఆయాసము లేక రొమ్మునొప్పి. పిక్కలోని రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు పోయినయెడల ప్రాణాపాయము.

సత్రపు యజమాని పని

మంచి సమరయుని ఉపమానమును మనము అనేక పర్యాయములు వినియున్నాము. నూనెయు ద్రాక్షారసమును పోసి గాయములు కట్టుటవరకే అనేకులు జ్ఞాపకముంచుకొందురు. ప్రభువు చెప్పిన కథ అక్కడ ముగియలేదు. ఆ మనిషి గాయపడినవానిని తన వాహనముమీద ఎక్కించెను, సత్రమునకు చేర్చెను, ఆ రాత్రి పరామర్శించెను, మరునాడు రెండు దేనారములు సత్రపు యజమానునికిచ్చి, ఇంకను ఖర్చయినది తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని చెప్పి వెళ్లెను. కట్టు కట్టుట ఒక గడియ పని. మిగిలిన దినములన్నియు సత్రములో గడచినవి. ఆ సత్రపు యజమాని పేరు మనకు తెలియదు. గాయపడినవాడు లేచి నడచినది మాత్రము ఆయన యింటినుండియే.

పెర్సివల్ పాట్ కథలోను అంతే. ఆయన పేరు నిలిచినది. ఆయన కాలు నిలుచుటకు మాత్రము తలుపును కుదుపులేక మోసిన ఇద్దరు బోయీలు కావలసి వచ్చిరి. తొందరపడక ఆగుమన్న ఒక ముసలి గురువు కావలసి వచ్చెను. మంచమునొద్ద చాలకాలము సేవచేసిన ఇంటివారు కావలసి వచ్చిరి.

మన సంఘములో ఎవరికైనను ఎముక విరిగి ఆపరేషనైనయెడల, ఆసుపత్రికి గుంపుగా పోయి పండ్లు ఇచ్చి వచ్చుటతో మన పని తీరినదని తలంచవలదు. ఆ మనిషి ఇంటికి వచ్చిన మూడవ వారమున ఒకసారి పోయి చూడవలెను. అప్పటికి చూడవచ్చువారు తగ్గియుందురు, అప్పు పెరిగియుండును, విసుగు పుట్టియుండును. ఆ యింటి ఆవును ఎవరు మేపుచున్నారు? పిల్లలను బడికి ఎవరు పంపుచున్నారు? మరల పరీక్షకు పట్టణమునకు ఎవరు తీసికొనిపోవుదురు? యువజనులు బస్సు ఖర్చునకు చందా వేసికొనవచ్చును. స్త్రీల సమాజమువారు వంతులవారిగా ఒకపూట వంట చేసి పంపవచ్చును. ఒకరు ప్రక్కన కూర్చుండి వ్రేళ్లు కదపు వ్యాయామము చేయించి, నడువవలదని చెప్పిన దినములలో నడువనీయక, నడువుమని చెప్పిన దినమున చేయి పట్టి నడిపింపవచ్చును. ఇవి చిన్న పనులు. సత్రపు యజమాని పనులు ఇట్టివే.

శృంగారమను దేవాలయ ద్వారమునొద్ద కూర్చుండిన కుంటివాని పాదములును చీలమండలును బలము పొందినవని వ్రాసినవాడు లూకాయే. చీలమండను పేరుపెట్టి చెప్పుట వైద్యునికి తగిన మాట. పేతురు అతని కుడిచేయి పట్టుకొని లేవనెత్తెనని కూడ ఆ వాక్యములోనే ఉన్నది. స్వస్థత దేవుని వలననే కలుగును. చేయి పట్టుకొని లేవనెత్తు పని ఆయన మనకు అప్పగించియున్నాడు.